మక్తల్‌లో మా బావ దుకాణం బోర్డు

మొన్న మా మనుమరాలు ఎవరి దుకాణానికో ఇంటర్నెట్ పేజీ తయారుచేస్తూ, పేజీకి పెట్టే పేరు ఎట్లుండాలో నాకు పాఠం చెప్పింది. వెతికేవాళ్లు ఏ మాటతో వెతుకుతారో ఆ మాటే ముందుండాలట, పొడుగైతే చివరి మాటలు కనబడవట, పేరులో ఉన్నది లోపల కూడా ఉండాలట. దీనికి కోర్సులు కూడా ఉన్నాయంటే నాకు ఒళ్లు మండింది. గోడల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకొని, బోర్డులు రాసి బతికిన నాబోటివాళ్లు అప్పుడు చేసిందేమిటి మరి?

ఎనభైల చివర్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, కరెంటు ఎక్కువతక్కువై బావుల మీది మోటార్లు ఊరూరా కాలిపోయేవి. మా అక్క మొగుడు మక్తల్‌లో కాలిన మోటార్లకు రాగితీగ మళ్లీ చుట్టే వైండింగ్ దుకాణం పెట్టాడు. చేతిలో మంచి పనితనం ఉంది, అయినా గిరాకీ లేదు. రైతులు కాలిన మోటరును బండిలో వేసుకొని ఆ దుకాణం ముందు నుంచే పోయి, మహబూబ్‌నగర్ బస్సుకు ఎక్కించేవాళ్లు. ఈ యాసంగి పంటకాలం కూడా ఇట్లనే గడిస్తే దుకాణం ఎత్తేసి బొంబాయికి కూలికి పోవాల్సిందేనని అక్క కండ్లనీళ్లు పెట్టుకుంది.

పోయి చూస్తే తప్పంతా బోర్డుది. మా దిక్కు బోర్డంటే ముందు దేవుడు, తర్వాత కాలం చేసిన పెద్దమనిషి, ఆ మీదట జాగా మిగిలితే పని. నేను అచ్చంపేటలో ఉన్నప్పుడు బావ వేరెవరితోనో రాయించిన ఆ రేకు మీద వాళ్ల నాయిన పేరు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఉంది, వైండింగ్ అన్న మాట అడుగున చీమలబారులా ఉంది. మార్చి రాస్తానంటే బావ నా మీదికి లేచాడు, తండ్రి పేరు కిందికి దించి ఊళ్లో ఎట్ల తిరగాలన్నాడు. నేనూ కోపంతో రంగు డబ్బాలు సర్దుకున్నాను. గడపలో కందులు చెరుగుతున్న బావ తల్లి అప్పుడు చాట పక్కన పెట్టింది.

“నీ నాయిన పేరు చూసి ఎవడన్న మోటరు తెచ్చిండా కొడుకా? ముందుగాల మోటరు రానియ్యి. అది మంచిగైతే వాడే అడుగుతడు, గీ పిల్లగాడు ఎవల కొడుకని.”

బావ పోయి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. అంగట్లో రైతులు వైండింగ్ ఎక్కడని అడగరు, మోటరు కాలింది, చుట్టేటోడు యాడున్నడంటారు. అందుకని పసుపు మీద ఎర్రగా, “కాలిన మోటార్లు చుట్టబడును” అని రాశాను. ఆ యాసంగిలో బావ బొంబాయి బస్సు ఎక్కలేదు. బోర్డు మీది మాటే లోపలా నడిచేది, పనికిరాని మోటరు వస్తే ఇది లేవదని మొహం మీదే చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్‌లో పెద్ద పెద్ద పేర్లు చూసి తెరిస్తే లోపల గింజ ఉండదు, నా మంట దాని మీద.

మనుమరాలు అట్లాంటిది కాదు, నాకంటే తెలివిగలది. ఆమె పెట్టిన పేరు ఎక్కడెక్కడివాళ్లో చదువుతారట, కానీ వాళ్లలో ఒక్కరి ముఖమూ ఆమె ఎరగదు. నేను ఆ రోజు నిచ్చెన దిగేసరికి, తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకడు బండి ఆపుకొని, పెదవులు కదుపుతూ బోర్డు మీది ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కింద నిలబడి ఉన్నాడు.