మావయ్య తెచ్చిన చప్పటి సముద్రం

ఆ రోజుల్లో నాకు భయం తక్కువ, హుషారు ఎక్కువ. పెళ్ళయి, చీపురుపల్లి నుంచి అరసవల్లికి కాపురానికొచ్చిన కొత్త. ఎవరే పని చెప్పినా "నాకొచ్చు" అనేదాన్ని, వచ్చినా రాకపోయినా. అది నమ్మే మా ఆయన ట్రైనింగని హైదరాబాదు వెళ్తూ తన ప్రాణాన్ని నాకు అప్పజెప్పి వెళ్ళారు. ప్రాణమంటే నేను కాదు (నేనింకా అంత ఎదగలేదు), హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ అక్వేరియం. అందులో నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న రెండు సముద్రపు చేపలు. మా అత్తయ్య వాటిని "నామాలోళ్ళు" అనేది. చేప అన్న మాటే ఇంట్లో పలకని శాకాహారులు మరి. ఆ పేరు పెట్టుకున్నాకే ఆవిడ మనసు కాస్త కుదుటపడింది.

వెళ్ళే ముందు ఆయన, "నీళ్ళు ఆవిరై తగ్గుతాయి. తగ్గినన్ని మంచినీళ్ళు పొయ్యి. ఉప్పు ఆవిరవదు, లోపలే ఉంటాది" అని చెప్పి, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా చూపించారు. అందులో ట్యాంకు నీళ్ళు నింపితే లోపలి ముల్లు లేస్తుంది. ఆకుపచ్చ గీతల మధ్య నిలబడితే ఉప్పు సరిపోయినట్టు, కిందే ఉంటే తగ్గినట్టు. నాకొచ్చు అన్నాను.

రోజూ నీళ్ళు తగ్గేవి, రోజూ పోసేదాన్ని. బయట ముసురు పట్టి బట్టలే ఆరకపోతుంటే ఈ నీళ్ళెలా ఆవిరైపోతున్నాయన్న అనుమానం నాకు రానేలేదు (సైన్సులో డిగ్రీ మాత్రం ఉంది). ఒక పొద్దున్న మేత వేస్తే నామాలోళ్ళు పైకి రాలేదు. ఓ మూల ఒరిగిపోయి ఆయాసపడుతున్నాయి. డబ్బాలో నీళ్ళు పట్టి చూస్తే ముల్లు ఆకుపచ్చ గీతలకి ఎంతో కిందే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఉప్పు తగ్గిపోయింది!" అని కేకేశాను.

"ఉప్పేటి, తగ్గిపోడమేటి? కిరాణా కొట్టున్నోలింట్లో ఉప్పు లేదంతావేటే! నలుగురూ ఇంటే నవ్వుతారు" అంటూ అత్తయ్య వంటింట్లోంచి గుప్పెడు కల్లుప్పుతో వచ్చేసింది. ఆవిడ చెయ్యి ట్యాంకు మీదికి వెళ్ళనే వెళ్ళింది. నేను ఒక్క గెంతు గెంతి ఆ చెయ్యి పట్టేసుకున్నాను. కొత్తకోడలు అత్తగారి చెయ్యి అలా పట్టుకోవడం మా రెండు వైపులా అదే మొదలనుకుంటాను.

"వంటుప్పు వెయ్యకూడదత్తయ్యా. వాటికి సముద్రపుప్పే కావాలట."

"మరిదేటి, సెట్టుకి కాసిందేటి?"

(సముద్రపు నీళ్ళలో ఉప్పొక్కటే కాదు, ఇంకా చాలా ఉంటాయనీ, కల్లుప్పులో అవన్నీ ఉండవనీ తర్వాత తెలిసింది.) ఆయనకి ఫోన్ చేస్తే స్విచాఫ్. క్లాసులప్పుడు ఫోన్లు బయట పెట్టించేస్తారట. ఈ గోలకి కొట్టులోంచి మావయ్య వచ్చి సంగతంతా విన్నారు.

"సముద్రపుప్పెందుకమ్మా, సముద్రాన్నే తెచ్చేద్దుం! కళింగపట్నం ఎంత దూరమేటి?"

పెళ్ళిళ్ళకి తప్ప ముయ్యని కొట్టు మూసేశారు! ఆటో పిలిచారు. ఖాళీ నీళ్ళ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని, మొహాన వానజల్లు కొడుతుంటే, నేను యుద్ధానికి వెళ్తున్నట్టు కూర్చున్నాను. ఆటో ఎంతవరకు వెళ్తే అక్కడే దిగి మోకాలి లోతుకి వెళ్ళాం. "నీళ్ళు ఎర్రగా ఉన్నాయేటి మావయ్యా?" అనడిగితే, "సముద్రమమ్మా, రోజుకో రంగు" అన్నారు. అంతలో అల వచ్చి ఆయన్ని కూలేసింది. పంచె తడిసింది, కళ్ళజోడు పోయింది, డబ్బా మాత్రం వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి వీధివీధంతా మా హాల్లోనే ఉంది. తెచ్చిన నీళ్ళు ముల్లున్న డబ్బాలో పోశాను. ముల్లు లేవలేదు. కదిపాను, తట్టాను. ఊహూ. మా ట్యాంకు నీళ్ళకన్నా ఇవే చప్పగా ఉన్నాయి.

మావయ్య కుర్చీలో కూలబడిపోయారు. "సముద్రంలో కూడా కల్తీయేటి!"

మేము ముంచింది వంశధార సముద్రంలో కలిసే చోట. ఎగువన వానలకి నది పొంగి ఉంది. మేము అంత కష్టపడి ఆటోలో తెచ్చుకున్నది ముప్పాతిక వంతు ఏరే.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పాను. తిడతారనుకుంటే, "ఉప్పు ఆవిరవదు కదే, మరెటు పోయింది? ట్యాంకు వెనకాల సూడు" అన్నారు. చూస్తే పైపు అతుకు దగ్గర తెల్లగా పొరలు కట్టి ఉంది, కింద తడి.

"అదా? రోజూ నేనే తుడిసెస్తన్నాను. గోడకి ఉప్పు పట్టేసింది, సున్నం ఎయ్యాలనుకున్నాను" అంది అత్తయ్య.

అదీ కథ. ఉప్పునీళ్ళు కారిపోతుంటే నేను మంచినీళ్ళు పోస్తున్నాను, ఆవిడ సాక్ష్యం తుడిచేస్తోంది. మావయ్య కొత్త వాషరు వేసి అతుకు బిగించారు. మా ఆయన ఫోన్లో చెప్పినట్టు అటక మీదున్న సముద్రపుప్పు దింపి, వేరే బకెట్లో పూర్తిగా కరిగేదాకా కలిపాను. ట్యాంకులో నీళ్ళు తగ్గినప్పుడల్లా మంచినీళ్ళకి బదులు ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాను. "తొందరపడ్డావంటే అసలుకే మోసం" అన్నారాయన. తొందరపడకుండా ఉండడం నా వల్లయ్యే పనా! రోజూ కాఫీలు కూడా తాగకుండా ముగ్గురం ముల్లు చుట్టూ చేరేవాళ్ళం. అది వెంట్రుకవాసి లేస్తే మావయ్య చప్పట్లు కొట్టేవారు. పక్కింటావిడ గోడ మీంచి "ఎంతవరకూ లెగిసింది?" అని కేకేసేది. ముల్లు ఆకుపచ్చ గీతల మధ్యకొచ్చిన పొద్దున్న నామాలోళ్ళు రెండూ ఎగబడి మేత తిన్నాయి. అత్తయ్య నన్ను పట్టుకుని ఊపేసి, వీధి గుమ్మంలోకి పరిగెత్తింది.

"ఒలమ్మో, మా కోడలు ఇంట్లోనే సముద్రం కలిపేసిందే!"

ఆ మాటతో ఆ ఇల్లు నాదైపోయింది.

ఇప్పుడు మా ట్యాంకు ఇంకా పెద్దది. నీళ్ళు తగ్గితే యంత్రమే పోసుకుంటుంది, ఎవరూ చుట్టూ చేరరు. ఏదైనా పాడైతే నేను ముందు ఫోన్లో వెతికి, నలుగురినీ అడిగి, అప్పుడు గానీ కుర్చీలోంచి లేవను. ఒక్కోసారి అప్పటి నేను, ఆ తడిసిన పిల్ల, గుర్తొస్తుంది. ఇప్పుడెదురైతే దానికి ఒక్క సలహా కూడా చెప్పను. ఆటోలో కాస్త జరగమని, పక్కన కూర్చుంటాను.