రాయి ఉడికించిన ఆదివారం

మా ఆయన సముద్రాన్ని మొదటిసారి చూసింది మా పెళ్లప్పుడే. జంషెడ్‌పూర్‌లోని టాటానగర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, అక్కడే గూడ్సు గార్డుగా చేరిన మనిషి. మామగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి అక్కడే ఉండిపోయారు. నా పుట్టిల్లు భీమిలి. పెళ్లి హడావిడి తగ్గాక ఓ సాయంత్రం, ఆటుకి నీళ్లు వెనక్కి పోయినప్పుడు, ఆయన్ని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. గుంటల్లో నిలిచిన నీళ్ల అడుగున చొక్కా బొత్తాల్లా గుండ్రంగా, ఆకుపచ్చగా, అంచుల్లో కుచ్చులతో ఉండేవి రాతిపువ్వులు. మాకవి కొత్త కాదు. ఆయన మాత్రం పంచె తడుస్తున్నా మోకాళ్ల మీద కూర్చుని, వేలితో తాకినప్పుడల్లా అవి ముడుచుకోవడం చూస్తూ, చీకటి పడేదాకా లేవలేదు.

జంషెడ్‌పూర్ వచ్చిన ఏడాదికి మా ముందుగదిలోకి గాజుతొట్టె వచ్చింది. కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ ముసలి డ్రైవరు రిటైరై, పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లిపోతూ దాన్ని గాలిపంపుతో సహా మా ఆయనకి ఇచ్చేశాడు. పూరీ నుంచి వచ్చే బండిలో తెలిసిన గార్డుల చేత డబ్బాలతో సముద్రపు నీళ్లు తెప్పించుకుని అందులో చేపలూ పగడాలూ పెంచేవాడట. ఇచ్చేటప్పుడు అతను నేర్పిన విద్య ఒక్కటే: నీళ్లలో తిండి ఎక్కువైతే పాచి బతుకుతుంది, తక్కువైతే పగడం మాడిపోతుంది.

మా ఆయన కోరిక పగడమే. భీమిలిలో వేటకెళ్లేవాళ్లని బతిమాలితే, వలలో పడ్డ ఒక చిన్న పగడపు ముక్కని రాయితో సహా ఇచ్చారు. లేత గోధుమరంగు, పిడికిలంత. ఆ రాయికి ఒక పక్కన నాలుగైదు రాతిపువ్వులు అంటుకుని ఉన్నాయి. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. బకెట్లో తడిగోనె కప్పి, దారి పొడుగునా నీళ్లు మారుస్తూ తెచ్చుకున్నాం.

ఆ తొట్టె వచ్చాక మా ఇంటి తీరు మారిపోయింది. కర్మాగారాల పొగగొట్టాల నుంచి ఎర్రటి దుమ్ము వచ్చి అన్నిటి మీదా వాలేది కనుక కిటికీలు మూసే ఉంచేవాళ్లం. అగరొత్తి వెలిగించకూడదు. దోమల మందు కొట్టకూడదు. కరెంటు పోతే సైకిలు పంపుతో గాలి కొట్టాలి. ఆటు వేళప్పుడు మా భీమిలి తీరం ఎలా వాసన వేస్తుందో ముందుగది అలా వాసన వేసేది. నాకది పుట్టింటి వాసనే. కానీ ఇనుము కరిగించే ఊళ్లో, మూసిన గదిలో ఆ వాసన తగిలితే ఎందుకో ఒళ్లు జలదరించేది.

మొదట్లో పగడం బాగానే ఉండేది. రొయ్యని మెత్తగా నూరి చిటికెడు వేసేవారు. నీళ్ల సంగతి తెలుసుకోవడానికి మా దగ్గర గాజు తప్ప వేరే కొలమానం లేదు. లోపలి గాజుకి పట్టిన పచ్చటి పొరని బ్లేడుతో గీకేవారు. అది త్వరగా మళ్లీ పట్టిందంటే తిండి ఎక్కువైనట్టు, ఎన్నాళ్లకీ పట్టలేదంటే పగడం పస్తున్నట్టు. డ్యూటీ నుంచి రాగానే టోపీ తీయకుండా ముందు ఆ గాజు ముందు నిలబడేవారు.

రెండో వేసవిలో పొర ఆగకుండా పట్టడం మొదలైంది. రొయ్య తగ్గించారు. నీళ్లు మార్చారు. అయినా రాళ్ల మీద జుట్టులాంటి పాచి లేచింది, పగడం ముదురు గోధుమరంగుకి తిరిగింది. ఒకరోజు రాయి కింద నుంచి ఉబ్బిపోయిన అన్నం మెతుకులు బయటపడ్డాయి.

“అమ్మా, ఇందులో అన్నం ఎవలేసినారు?”

మా అత్తగారు కత్తిపీట ముందు నుంచి తలెత్తకుండానే, “నానే ఏసినాను. ఏటైపోద్దిరా? పాపం, నోర్లు తెరుసుకుని సూత్తన్నాయి. ఇంటికి తెచ్చి పత్తులుంచుతావేటి?” అంది.

“తిండెక్కువైతే సచ్చిపోతాయమ్మా.”

“తిండెక్కువై సచ్చినోల్లని నానెక్కడా సూల్లేదు.”

ఆయన తొట్టెకి చెక్కమూత చేయించి చిన్న తాళం వేశారు. ఆ తాళం చూసి అత్తగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. ఆయన పంతానికి పోయి తిండి పూర్తిగా మాన్పించారు. పూరీ నీళ్లు వరుసగా తెప్పించి మార్చారు. గాజు అద్దంలా అయింది. ఆ శుభ్రమైన నీళ్లలో పగడం రోజురోజుకీ పాలిపోయి, చివరికి సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మళ్లీ చిటికెడు రొయ్య మొదలుపెట్టేసరికే అందులో ప్రాణం లేదు. దాని తెల్లటి ఎముక మీదికి పాచి ఎక్కింది.

పాచితోపాటు రాతిపువ్వులూ ఎక్కాయి. పగడానికి ఎక్కువైన తిండి వీటికి విందు, పగడం మాడిన నీళ్లలోనూ వీటికి లోటు లేదు. నాలుగైదుగా వచ్చినవి రాయంతా దుప్పటిలా కప్పేశాయి. పక్క రాళ్లకీ, చివరికి గాజుకీ పాకాయి. ట్యూబులైటు వేయగానే వందల బొత్తాలు ఒక్కసారి విప్పుకునేవి. వచ్చినవాళ్లంతా ఎంత బాగున్నాయో అనేవారు. నేను మాత్రం ఆ గదిలో ఒంటరిగా కూర్చోవడం మానేశాను.

ఒకరోజు ఆయన ఆ దుప్పటిని కత్తితో కొంత చెక్కి, పెరట్లో పారేశారు. పక్క క్వార్టరులో ఉండే బిహారీ ఆవిడ కోళ్లని పెంచేది. అవి వచ్చి ఆ ముక్కల్ని పొడుచుకు తిన్నాయి. మధ్యాహ్నానికి రెండు కోళ్లు కాళ్లు చాపి పడి ఉన్నాయి.

“క్యా డాలా థా, భాభీ? చూహే కా జహర్?” అని ఆవిడ మా గుమ్మంలో నిలబడి అడిగింది. ఎలకల మందు పెట్టామనుకుంది. కాదని ఎంత చెప్పినా నమ్మక, మాతో మాట మానేసింది.

ఆ సాయంత్రమే ఆయన టీ తాగుతూ మొహం చిట్లించారు. “టీ ఏటి, ఇనప్ముక్క నాకినట్టుంది? పెదాలు తిమ్మిరెక్కినాయి.”

“ఆ పువ్వులు కోసినారు కదండీ. కోళ్లు అయ్యే తిని సచ్చినాయి.”

“కోళ్లకి ఎండదెబ్బ కొట్టింది. నువ్వూ మా అమ్మలాగే తయారవుతున్నావు.”

మర్నాటికి తిమ్మిరి తగ్గింది. ఆ మాటా అక్కడితో ఆగిపోయింది.

వానలు మొదలయ్యాక భీమిలి నుంచి మా అన్నయ్య కబురు పంపాడు, మరో పగడం దొరికిందని. దాన్ని నిలబెట్టడానికి పాత రాయి కావాలి. ఆ రాయి మీద ఉన్నదంతా చచ్చి ఊడిపోవాలంటే ఉడకబెట్టడమే దారి అనుకున్నారాయన. అది ఆదివారం. జోరుగా వాన. జల్లు లోపలికి కొడుతోందని వంటింటి కిటికీ మూసేశాం. బట్టలకి సోడా కాచే పెద్ద డేక్చీని కిరసనాయిలు స్టవ్ మీద పెట్టి, అందులో రాయి దించారు. అత్తగారు పక్కనే కత్తిపీట వేసుకుని గుమ్మడికాయ తరుగుతోంది. నేను వెనక వరండాలో తడిసిన బట్టలు పిండుతున్నాను.

కాసేపటికి ఒక వాసన వచ్చింది. నత్తలు ఉడికిన వాసన, అందులో కొంచెం తియ్యదనం. లోపలికి తొంగిచూస్తే వంటింట్లో ఆవిరి గోడల వెంట కారుతోంది. ఆయన గరిటెతో రాయిని తిప్పుతూ దగ్గుతున్నారు.

“కిటికీ తియ్యండి,” అన్నాను.

“అయిపోవచ్చింది, ఉండు.”

అత్తగారు చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “ఏటిరా ఈ కంపు? గొంతులో గరగరలాడతంది.”

ఆ పూట ముగ్గురం కలిసే తిన్నాం. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. తినడం అవుతూనే అత్తగారికి వణుకు పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమంటున్నాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆయన లేచి నీళ్లందుకోబోయి, గ్లాసు జారవిడిచి, తన చేతిని తానే వింతగా చూసుకున్నారు.

“పట్టు చిక్కట్లేదే,” అన్నారు. తర్వాత పిక్కలు పట్టేసి నేల మీదే కూలబడ్డారు. అత్తగారి ఊపిరి ఈలలా వినిపిస్తోంది. నాకూ జ్వరం వస్తున్నట్టే ఉంది, నోట్లో ఇనుము రుచి. తలుపు తీసి, వానలో, మాతో మాట్లాడని ఆ పక్కింటావిడని కేకేశాను.

ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. భర్తని స్టేషను వైపు పరిగెత్తించి జీపు తెప్పించింది. అత్తగారిని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తనే ఎక్కించింది.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. ఏం తిన్నారని డాక్టరు అడిగాడు. చెప్పాను. మీరూ అదే తిన్నారు కదా అన్నాడు.

“వంటింట్లో రాయి ఉడకబెట్టారు,” అన్నాను.

డాక్టరు నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు, జ్వరంలో మాట్లాడుతున్నానేమోనని. మూసిన గదిలో స్టవ్ గ్యాసు పట్టి ఉంటుందన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. ఆ రోజుల్లో ఆ సంగతి ఎవరు విన్నారు? చాలా ఏళ్ల తర్వాత, సముద్రజీవాల మీద చదువుకున్న మా అన్నయ్య కూతురు చెప్పింది, ఆ జాతి రాతిపువ్వుల్లో కొన్నిటి ఒంట్లో భయంకరమైన విషం ఉంటుందనీ, వాటిని ఉడికిస్తే ఆవిరితోపాటే అది లేచి ఊపిరిలోకి పోతుందనీ. మేం పేరు తెలియకుండానే దాన్ని పీల్చాం.

బట్టల కోసం పక్కింటావిడని తోడు తీసుకుని ఇంటికి వెళ్లాను. కరెంటు పోయి పంపు ఆగిపోయింది. నీళ్లు గంజిలా ఉన్నాయి. అన్నీ చచ్చి ఉంటాయనుకున్నాను. అంతలో కరెంటు వచ్చి ట్యూబులైటు వెలిగింది. ఆ గంజినీళ్లలో బొత్తాలన్నీ ఇంతకుముందెన్నడూ లేనంత పెద్దగా విప్పుకుని ఉన్నాయి. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. వంటింట్లో డేక్చీ ఎలా పెట్టింది అలాగే ఉంది, చల్లారిన గోధుమరంగు నీళ్లతో.

“ఛూనా మత్, భాభీ,” అంది ఆవిడ, నా చెయ్యి పట్టుకుని. ముట్టుకోవద్దని. వంటింటి తలుపు బయట నుంచి గొళ్లెం పెట్టి వచ్చేశాం.

ఆయన ముందు కోలుకున్నారు. ఇంటికి వచ్చిన రోజున తొట్టె ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. దాన్ని కాలవలో పారబోస్తే సువర్ణరేఖ నదిలో కలుస్తుంది, అక్కడ పిల్లలు ఈదుతారు. పెరట్లో పోస్తే కోళ్లు. చివరికి స్టేషన్లో మరుగుదొడ్లకి వాడే బ్లీచింగ్ పౌడరు బస్తా తెచ్చి తొట్టెలో కుమ్మరించారు. డేక్చీలోనూ పోశారు. బొత్తాలు ఒక్కొక్కటీ ముడుచుకుని, తెల్లబడి, చీకిన బట్టలా ఊడిపోయాయి. అన్నీ కలిపి రైలు లైను పక్క బీడులో లోతుగా గొయ్యి తీసి పూడ్చారు, డేక్చీతో సహా.

అత్తగారు చాలా రోజులకి వచ్చింది. ఊపిరి మాత్రం మునుపటిలా నిండలేదు. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకునేది. ఖాళీగా ఉన్న ముందుగదిని చూసి, “పువ్వులేవే?” అంది.

“సచ్చిపోయినాయత్తా.”

“పోవా మరి? నాను మంచాన పడ్డాను. ఆటికి మెతుకేసే దిక్కెవరు?” అని కళ్లు తుడుచుకుంది. ఆవిడకి మేం నిజం చెప్పలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఒక పొద్దున ఆయన డ్యూటీ లేకపోయినా చొక్కా తొడుక్కుంటుంటే ఎక్కడికని అడిగాను.

“సక్రధర్‌పూర్. ఆడ నాకు తెలిసిన గార్డొకడికి ఆ పువ్వుల్లో ముక్కొకటి ఇచ్చినాను,” అన్నారు.

చెరుగుతున్న చేట పక్కన పెట్టాను. “ఎప్పుడండీ?”

“ఏసంగిలో. ఆడికీ తొట్టుంది. ముచ్చటపడితే కోసిచ్చినాను.”

సాయంత్రం చక్రధర్‌పూర్ నుంచి తిరిగొచ్చారు. ఆ గార్డు, ఈయన పాత స్నేహితుడు, పడీపడీ నవ్వాడట. స్టవ్ గ్యాసుకి భయపడి పువ్వుల్ని అంటావేంటన్నాడట. తొట్టె నిండా అవే పాకాయట. అతని ఇద్దరు ఆడపిల్లలు స్టూలెక్కి వాటిని వేళ్లతో తాకి ముడిపించే ఆట ఆడుకుంటున్నారట. అన్నం ముందు కూర్చుని ఇదంతా చెప్పి, కలుపుకోకుండా లేచిపోయారు.

తర్వాతి వారం మళ్లీ వెళ్లారు, ఆ గార్డు బండి మీద డ్యూటీకి వెళ్లిన రోజు చూసుకుని. ఈసారి సంచిలో బ్లీచింగ్ పౌడరుంది. అతని భార్య అన్నయ్యా కూర్చోండి అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లిందట. ఆవిడ టీతో వచ్చేసరికి తొట్టె పాలలా ఉంది. ఆవిడ అరుస్తున్నా, పిల్లలు ఏడుస్తున్నా, రాళ్లన్నిటినీ పటకారుతో గోనెలోకి తీసి, మూతి కట్టి, తెచ్చేశారు. అవీ ఆ బీడులోకే పోయాయి.

ఆ గార్డు మా మీద పై అధికారులకి ఫిర్యాదు చేశాడు. గార్డులు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో ఎదురుపడినా మొహం తిప్పుకునేవాడు. ఏళ్ల తర్వాత తన పెద్దమ్మాయి పెళ్లికి మా కాలనీ మొత్తాన్ని పిలిచి మమ్మల్ని వదిలేశాడు. మా ఆయన ఆ పెళ్లికి వెళ్లివచ్చినవాళ్లని ఒక్క మాట అడిగారు, పిల్ల ఆరోగ్యంగా ఉందా అని. ఉందని చెప్పారు. సరేనని, డ్యూటీకి లాంతరు అందుకున్నారు.