తాళం లేని అట్టల బీరువా

నాకు యాభై ఆరేళ్ళు వచ్చాక అక్షరాలు వచ్చాయి. తమిళం సాయంత్రం తరగతిలో నేర్చుకున్నాను, తెలుగు చిత్తూరు నుంచి వచ్చిన కోడలి దగ్గర. అంతవరకు అందరూ నన్ను వేలిముద్రగాడనేవారు. నేర్చుకున్న కొన్నేళ్ళకు దొంగ అన్నారు. మొదటి మాటే నయం.

తమిళనాడు గుడియాత్తంలో మా నేత సంఘం డిజైన్ గదిని చూసుకునేది నేనే. చీర అంచులో పువ్వు రావాలంటే రంధ్రాలు గుద్దిన అట్టలు మగ్గం పైన తగిలించాలి. ఏ అట్ట తగిలిస్తే మగ్గం ఆ పువ్వే నేస్తుంది, ఎవరు గుద్దారని అడగదు. ఆ అట్టల బీరువాకు ఏనాడూ తాళం లేదు. అట్టలకు తాళం వేసినవాడి మగ్గం మూలబడుతుందని మావాళ్ళ నమ్మకం.

కంప్యూటరు వచ్చినప్పుడు కార్యదర్శి మేము పనిచేసే ఫోల్డర్‌కూ అదే పద్ధతి పెట్టాడు. నాకిచ్చిన లాగిన్‌తో పాత అంచుల బొమ్మలు చూడొచ్చు, అట్ట గుద్దాల్సిన బొమ్మను ఆ ఫోల్డర్‌లో పెట్టొచ్చు. అంతే. ఇంకా మగ్గమెక్కని కొత్త అంచులు అడ్మిన్‌కు మాత్రమే తెరుచుకుంటాయి. అడ్మిన్ అంటే కార్యదర్శి.

అలాంటి కొత్త అంచొకటి మేము నేయకముందే ఆర్కాటులో మరమగ్గం చీర మీద కనబడింది. కంప్యూటర్‌లో వెతికితే ఇలా కనబడింది. ఒకరోజు ఉదయం నా లాగిన్‌కు అడ్మిన్ అధికారం వచ్చింది. అదే రోజు టీ వేళకు కొత్త అంచులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి పోయాయి.

కమిటీ ముందు నన్ను నిలబెట్టారు.

"చదువు నేర్చి ఇదా అన్నా నువ్వు చేసే పని?" అన్నాడు కార్యదర్శి.

"నేను యాడ చేసినానప్పా? ఆ వేళకు టీ అంగట్లో ఉండాను."

"నీ పేరే ఉండాది గదా దాంట్లో!"

"వేలిముద్ర వేసేటప్పుడే బాగుండినాడు," అని వెనక బెంచీలోంచి ఒకడు. "ముసలి ఎద్దుకు ఇప్పుడు కొమ్ములు మొలిచినాయి."

అందరూ నవ్వారు. నలభై ఏళ్ళు వాళ్ళ అట్టలు మోసిన చేతులు నావి. మర్నాడే గది తలుపుకు నోటీసు అంటించారు, కింద సంఘం సీలుతో. నేను లోపలికి రాకూడదట. నా గురించి రాసిన కాగితాన్ని నేనే చదువుకోవడం అదే మొదటిసారి.

తరువాత వేలూరు నుంచి కంప్యూటర్లు చూసే అమ్మాయిని పిలిపించారు. రెండు రోజులు చూసింది. నేను మెట్ల మీద కూర్చునే ఉన్నాను. రెండో రోజు నన్ను లోపలికి పిలిచింది.

"తాతా, మగ్గం పైన అట్ట ఎవురైనా మార్చొచ్చా?"

"మార్చొచ్చమ్మా. తాళం ఏమన్నా ఉండాదా?"

"దీంట్లో గూడా అంతే జరిగిండాది."

విడమరిచి చెప్పింది. ఉదయం కంప్యూటరు వేయగానే అట్టలు గుద్దే ప్రోగ్రాము తనంతట తానే, అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. ఆ ప్రోగ్రాము ఉండేదీ, మేము బొమ్మలు పెట్టేదీ ఒకటే ఫోల్డర్. దాన్ని అందరికీ తెరిచిపెట్టారు. ఎవరో ఆ ప్రోగ్రాము తీసేసి, అదే పేరుతో తన ప్రోగ్రాము పెట్టాడు. మర్నాడు కంప్యూటరు దాన్ని అడ్మిన్ అధికారంతోనే నడిపింది, ఎవరిదని అడగలేదు. నా లాగిన్‌ను పెద్దది చేయమని దాంట్లో ఉంది.

"నా పేరే ఎందుకమ్మా?"

"ఏ పేరైనా సరిపోయేది తాతా. నువ్వు టీకి పోయేటప్పుడు నీ లాగిన్ తెరిచిపెట్టి పోతావంట గదా."

అవును, తెరిచిపెట్టే పోయేవాణ్ణి. ఆ తప్పు నాదే. దాన్ని దాచను.

ఆ అమ్మాయి ప్రోగ్రామును వేరే ఫోల్డర్‌కు మార్చి, అడ్మిన్ తప్ప ఎవరూ దాన్ని ముట్టకుండా చేసింది. "అట్ట గుద్దేదానికి ఇంటి తాళాలన్నీ ఎందుకు?" అంటూ ప్రోగ్రాము అధికారమూ తగ్గించింది. నా లాగిన్‌ను మళ్ళీ చిన్నది చేసింది. రోజువారీ పనికి అడ్మిన్‌గా కూర్చోవద్దని కార్యదర్శికి చెప్పింది. "సెరి సెరిమ్మా," అన్నాడు. ఆమె బస్సెక్కిందో లేదో, మళ్ళీ అడ్మిన్‌గానే కూర్చున్నాడు.

దొంగ ఎవరో తేలలేదు. నేను కాదని తెలిశాక వెతికినవాడూ లేడు.

"నా మీద నోటీసు వేసినారు గదప్పా, అది తప్పని ఇంకోటి వేయండి," అని అడిగాను.

"అందరికీ తెలుసులే అన్నా. కావాలంటే నువ్వే రాసుకో, నేను సంతకం పెడతా. ఇప్పుడు నీకు అక్షరాలు వచ్చు గదా!"

ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నాలుగు వరుసలు రాశాను. సంతకం పెట్టాడు. సీలు అడిగితే, "అది కమిటీ కూర్చున్నప్పుడు," అన్నాడు. కమిటీ రెండుసార్లు కూర్చుంది. నా కాగితం ఊసే రాలేదు.

చివరికి తలుపు మీది పాత నోటీసును నేనే పీకేశాను. ఆ చోట సీలు లేని నా కాగితం అంటించాను. అటుగా పోయేవాళ్ళు నిలబడి చదువుతున్నారు. చదివి, "ఇది ఆయనే రాసుకున్నాడంట," అని నవ్వుకుంటూ పోతున్నారు.