అడిగితేనే తీసే సారు

నాకు ఉద్యోగం వచ్చింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అమ్మకు చెప్పి, అల్వాల్ నుంచి బస్సెక్కి, సికింద్రాబాద్‌లో మాకు లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ నేర్పిన సారు దగ్గరికి పరుగెత్తాను.

సారు అడగనిదే ఏదీ బయటికి తీయరు. సుద్దముక్క కూడా జేబులోనే ఉంటుంది. ఒకసారి, ఏది అవసరమవుతుందో అన్న భయంతో, కంప్యూటర్ ఆన్ కాగానే రకరకాల డిస్క్‌లు, పెన్‌డ్రైవ్‌లు చదివే ఫైల్ సిస్టమ్ మాడ్యూళ్లన్నీ లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌లోకి ఎక్కేలా రాసిపెట్టాను.

"ఏందమ్మా, పక్కనే ఉన్న మౌలాలి పోనీకి ఇల్లంత రైలెక్కిస్తవా? డిస్క్‌ల పండనియ్ వాటిని. పెన్‌డ్రైవ్‌ని మౌంట్ చేసి తెరువమన్నప్పుడు, దానికి కావాల్సిన మాడ్యూల్‌ని కెర్నెలే పిలిపించుకుంటది" అన్నారు నవ్వుతూ.

నిన్న, సారుకు చెప్పే వెళ్లిన ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగారు. మౌలాలి రైలు తలుచుకుని గడగడా చెప్పేశాను. ఇవాళ ఫోన్ వచ్చింది.

అదంతా రొప్పుతూ చెప్తే, సారు "మంచిది" అని మళ్లీ కీబోర్డు వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"సార్, మీకు జెర సుత సంతోషం లేదా?"

ఆయన సొరుగులోంచి మిఠాయి డబ్బా తీశారు. దానికి అంటించిన బిల్లు మీద నిన్నటి తేదీ ఉంది.

"ఎందుకుండదు బిడ్డా? నువ్వు అడగాలె గదా!"