ఘాటు రోడ్డు, నిమ్మచెక్క

మా అమ్మకు ఘాటు రోడ్డు పడదు. ఇది మా ఇంట్ల అందరికీ తెలిసిన ముచ్చటే. తెల్వనోళ్లకు మా మేనత్త చెప్తది. పద్నాలుగేండ్ల కింద జీపు కిరాయికి మాట్లాడుకొని అందరం శ్రీశైలం డ్యాము చూడబోతే, మన్ననూరు గుట్ట సగం ఎక్కకముందే అమ్మ మేనత్త పట్టుచీర మీద కక్కింది. జీపును ఆన్నుంచే మళ్లించిన్రు. ఆ చీర ఎప్పుడో చినిగి పాతబట్టలల్ల కలిసింది గని, ముచ్చట మాత్రం ప్రతి పెండ్లిల కొత్తగనే ఉంటది. అమ్మ నవ్వి ఊకుంటది. ఆ తర్వాత ఎవరు రమ్మన్నా బర్రెలను ఎవరు చూస్తరని ఇంటికాడనే ఉండిపోయింది. మేము మాత్రం మూడుసార్లు పోయొచ్చినం. మేం తెచ్చిన ఫొటోలు చూసి, గంత నీళ్లు దుంకుతుంటె సప్పుడు ఎట్లుంటది అని అడుగుతుండె. సప్పుడు ఫొటోల యాడ చూపియ్యాలె?

నేను జడ్చర్ల దిక్కు మందుల కంపెనీల పనిచేస్త. నా జీతంతోని కొనుక్కున్న స్కూటీ ఉన్నది. నాలుగేండ్ల కింద, ఆగస్టు పదిహేనుకు ముందు, డ్యాము గేట్లెత్తిన్రని ఫోన్లల్ల వీడియోలు తిరిగినయి. సెలవుకు అచ్చంపేట పక్కన మా ఊరికి పోయి, జీపొద్దు కారొద్దు, నా బండెనక కూసో, గాలి తగుల్తది, ఏం గాదన్న. అమ్మ ఒకసారి బర్రెల దిక్కు చూసింది.

"ఇదొక్కసారి వస్త బిడ్డా. మల్ల గట్లనే అయితె, ఇంక నన్నెవ్వరూ అడగొద్దు" అన్నది.

బర్రెలను నాయినకు అప్పజెప్పినం. పొద్దుగాల అమ్మ చాయి గూడ తాగలే. కడుపుల ఏం లేకుంటె ఏం రాదని ఆమె లెక్క. నిమ్మకాయలు కోసి దస్తీల కట్టుకున్నది. హాజీపూర్ దాటి ఎక్కుడు మొదలయ్యేదాక మంచిగనే ఉన్నది. మూడో మలుపుకాడ నా భుజం మీద చెయ్యి బిగిసింది. ఐదో మలుపుకాడ ఆపమన్నది.

రోడ్డు పక్కన కూసొని ఉత్త నీళ్లు కక్కింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తె నాకు ముందుగాల కోపమే బయటికొస్తది, ఏంజేద్దాం. రెండు ఇడ్లీలు తినమంటె తిన్నవా అని ఎగిరిన. ఇంటికి మళ్లుదామన్న. అమ్మ కొంగుతోని మూతి తుడుచుకొని, నిమ్మచెక్క వాసన చూసుకుంట, ముందున్న మలుపు దిక్కే చూసింది.

"పాలు పోసొచ్చేటప్పుడు నాకు ఎన్నడన్న తల తిరిగిందా?" అని అడిగింది.

తిరగలే. మా అమ్మ ఆరేండ్ల సంది ఎక్సెల్ బండి మీద పాల క్యాన్లు పెట్టుకొని, తనే నడుపుకుంట రోజూ రెండు పూటలు పక్కూరి పాలకేంద్రానికి పోతది. లైసెన్సు గూడ ఉన్నది. గా గుంతల రోడ్డు మీద ఎన్నడూ ఒక్క చుక్క పాలు ఒలకబొయ్యలే, ఒక్కసారి కక్కలే. మా ఇంట్ల ఇంతమందిమి ఉండి ఎవ్వరికీ ఈ సంగతి తట్టలే.

"జరుగు. బండి నేను నడుపుత."

ఊరి రోడ్డు వేరు, ఘాటు వేరు, బస్సులొస్తయి, పక్కన లోయ ఉంటదని ఎంతో చెప్పిన. నేను చెప్తుండంగనే కుచ్చిళ్లు దోపుకొని సీటు మీద కూసున్నది. చేసేదేం లేక ఎనక ఎక్కిన.

ముందుగాల ఎద్దుబండి లెక్క నడిపింది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి రోడ్డు సాపుగ అయినంక చెయ్యి కుదిరింది. అడవి వానకు తడిసి పచ్చగ మెరుస్తాంది. గింత గడ్డి మన బర్రెలకు దొరికితెనా అని అమ్మ ఒకటే బాధ. వటవర్లపల్లిల ఆగి నాలుగు ఇడ్లీలు తిన్నది, మల్ల రెండు తెప్పిచ్చుకున్నది. దోమలపెంట దాటి దిగుడు మొదలైనంక, ప్రతి మలుపుకాడ హారన్ కొట్టి, ఎడమ పక్కకు ఒదిగి, బస్సులకు తొవ్వ ఇచ్చుకుంట, తొందర లేకుంట దిగింది. నేను ఎనక నుంచి లోయలకు చూసిన. ఒక మలుపు, రెండు మలుపులు. నాకు తల తిరిగి, కక్కొచ్చేటట్టు నోట్ల నీళ్లూరినయి. ఎట్ల చెప్పాలె? పండ్లు బిగవట్టి కూసున్న.

నీళ్లు కనపడకముందే సప్పుడొచ్చింది. అమ్మ బండాపి, హెల్మెట్ తీసి, నిలబడి విన్నది. తర్వాత గేట్లు కనపడే కాడికి పోయినం. నీళ్ల తుంపర పొగ లెక్క మా మీదికి లేస్తుంటె ఆమె కండ్లనిండ నీళ్లు. నాకూ ఆగలే. పదేండ్లు ఈమెను ఇంట్ల కూసోబెట్టినం గదా అని సిగ్గయింది.

మేనత్తకు వీడియో కాల్ చెయ్యమన్నది. చేసిన. మేనత్త మమ్ములను చూసుడు చూసుడే, ఈసారి ఎవరి చీర ఖరాబైందని అడిగింది.

"చీరలన్ని మంచిగనే ఉన్నయి వదినె. బండి నేనే నడుపుకుంట వచ్చిన."

మేనత్త జర ఫోను నీళ్ల దిక్కు తిప్పమన్నది.

మళ్లేటప్పుడు తాళంచెవి కోసం చెయ్యి చాపిన. అది అప్పటికే అమ్మ కొంగుకు ముడేసి ఉన్నది. నా ముఖం చూసి, ఎందుకు గట్ల పీక్కపోయినవని అడిగింది. ఎనక కూసుంటె నాకే తల తిరిగిందని ఇంక దాసిపెట్టలేక చెప్పిన. కడుపు పట్టుకొని నవ్వింది. దస్తీ ఇప్పి, మిగిలిన నిమ్మచెక్క నా చేతుల పెట్టింది.

"వాసన చూసుకుంట కూసో బిడ్డా. కిందికి చూడకు. నా ఈపు చూడు."