మనిషి గొంతు మరిగిన ఎలుగు

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో ఎలుగుబంటి పిల్లను ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పడుతున్నారు. "ఎంత ముద్దుగున్నదో చూడు పెద్దమ్మా!" అంది. సగంలోనే ఆపేసి ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

మా మేనమామ పశువుల డాక్టరు. రిటైరయ్యాక చర్ల ఊరికి పోయే అడవి దారిలో, అటవీశాఖ అనుమతితో, దెబ్బ తగిలిన అడవి జంతువులకు ఒక షెడ్డు నడిపాడు. మా ఆయన చనిపోయిన ఏడాది, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక అక్కడికి చేరాను. మామయ్యకు మందులకన్నా నియమాలు ఎక్కువ. అడవికి తిరిగి పోవాల్సిన జంతువుకు పేరు పెట్టకూడదు, దానితో మాట్లాడకూడదు, చూడ్డానికి ఎవరినీ రానివ్వకూడదు. ఒకసారి ఒక పెద్దమనిషి మనవడి పుట్టినరోజు జంతువుల మధ్య చేస్తానని కేకుతో వచ్చాడు. మామయ్య ఆయన్ని గేటు దగ్గరే ఆపి, కేకు మాత్రం లోపలికి తెచ్చాడు. బాగుంది, తిన్నాం.

ఆ ఎండాకాలం ఉచ్చులో చిక్కి కాలికి గాయమైన ఎలుగు పిల్ల వచ్చింది. తలుపు సందులోంచి గిన్నె తోసి, మాట్లాడకుండా తిరిగి రావడం నా పని. పది రోజులు అలాగే చేశాను. ఒక మధ్యాహ్నం అది మూలన పడి మూలుగుతుంటే, "ఏంది బంగారం, నొస్తున్నదా?" అన్నాను. తల ఎత్తి చూసింది. ఆ తర్వాత రోజూ దొంగతనంగా ఎండిన ఇప్పపూలు అరచేతిలో పెట్టి తినిపించాను. దాని మెత్తటి పెదాలు చేతికి తగిలితే, ఎవరో నాకోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది. మామయ్యకు చెప్పలేదు.

రెండేళ్లకు దాన్ని అడవిలో వదిలారు. నాలుగో రోజు అది ఒక పల్లెలోకి వచ్చింది. వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తున్న ముసలమ్మ అరిస్తే పారిపోలేదు. గొంతు విని ఇంకా దగ్గరికి పోయింది. జనం కర్రలు తీశారు. ఆ బెదురులో దాని గోళ్లు తగిలి ముసలమ్మ చెయ్యి చీరుకుపోయింది. మత్తు సూది వేసి దాన్ని మళ్లీ షెడ్డుకే తెచ్చారు. ఇక వదలడానికి లేదని అధికారులు తేల్చేశారు.

అప్పుడు మామయ్యకు అంతా చెప్పాను. "నీకు తోడు కావాలని దానికి అడవి లేకుండ చేసినవ్ బిడ్డా," అన్నాడు. "రేపటి సంది దాని పని నువ్వే చూడాలె," అన్నాడు. మర్నాడు దవాఖానాకు పోయి ముసలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని నిజం చెప్పాను. "అది నా మీదికి రాలేదమ్మా, ఎవరినో వెతుక్కుంట వచ్చింది," అందామె. తిట్టినా బాగుండేది.

మామయ్య పోయి చాలా కాలమైంది. షెడ్డు ఇప్పుడు నా చేతిలో ఉంది. నా అడుగుల చప్పుడు వినగానే ఎలుగు లేచి, నా గొంతు కోసం చువ్వల దగ్గర నిలబడుతుంది. తేనెను దుంగల తొర్రల్లో దాచి, అది వెతుక్కునేలా పెట్టి, నోరు మెదపకుండా వస్తాను. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. నాకు గడిచినవి ఏళ్లు. దానికి మాత్రం ఒకే రోజు, ఎంతకీ పొద్దు గూకనిది.