శాలువా కప్పకముందు

కెనడాలోని హాలిఫాక్స్‌లో, రేవు దాటించే ఫెర్రీ పడవలో ఒక పెద్దాయన రోజూ నా ఎదురు బెంచీ మీదే కూర్చునేవారు. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున కాఫీ తాగి రావడం నాకు అలవాటైంది. ఎదుటి మనిషి ఊరూ ఉద్యోగమూ తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. ఒకరోజు అడిగేశాను. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు పుట్టిన ఒక చిన్న దేశంలో తాను కరెంటు శాఖ మంత్రిగా చేశానని ఆయన చెప్పారు.

మాజీ మంత్రి! నాకు పండగే. ఎలా గెలిచారు, ఏం చేశారు, ఎందుకు దిగిపోయారు అని వరసపెట్టి అడిగాను. ఇంజినీరుగా ఉన్న తనని జనమే లాక్కెళ్లి పోటీకి నిలబెట్టారట. స్వాతంత్ర్యం వచ్చిందని వీధుల్లో నాట్యాలు చేసినవాళ్లే, ఆ చలికాలం గ్యాస్ ఆగిపోయేసరికి కుర్చీలు విరిచి పొయ్యిలో పెట్టుకున్నారట. ఎందుకు దిగిపోయారన్న దానికి మాత్రం "రాజీనామా చేశాను" అని నీళ్లకేసి చూసేవారు. ఎంత కెలికినా అంతకుమించి పెదవి విప్పలేదు.

ఆయన కూతురు ఇక్కడే నర్సు. జనం కోసం తండ్రి పదవి వదిలేశారని ఆమెకి గర్వం. "నాకు మిగిలింది ఆ గర్వం ఒక్కటే" అన్నారాయన ఒకసారి.

మా తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి ముఖ్య అతిథి దొరక్క తంటాలు పడుతుంటే, ఆయన్ని పిలుద్దామని నేనే అన్నాను. ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. మనవాళ్ల సంగతి తెలిసిందే. శాలువా కప్పేముందు పొగడాలి, ఆ పొగడ్తకి హద్దూ పద్దూ ఉండకూడదు. సంఘం ప్రెసిడెంటుగారు మైకు అందుకుని, "తుపాకులకి ఎదురొడ్డి, ఒక్క ప్రాణం కూడా పోకుండా జనాన్ని కాపాడిన మహానుభావులు!" అన్నారు. రాజీనామా చేశారని మాత్రమే నేను చెప్పాను. మిగతాదంతా మైకు మహిమ. హాలంతా చప్పట్లు.

"ఏమంటున్నారు?" అని పెద్దాయన అడిగారు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. మన తెలుగువాళ్లెవరైనా అయితే నవ్వి నమస్కారం పెట్టి ఊరుకునేవారు. ఈ పొగడ్తల్ని ఇక్కడ ఎవరూ నమ్మరని ఆయనకి తెలియదు. లేచి వెళ్లి మైకు అడిగి, ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"అది నిజం కాదు. రెండో చలికాలం జనం వెచ్చదనం కావాలంటూ మా భవనం ముందు కూర్చున్నారు. సైన్యాన్ని పంపుదామా అని దేశాధ్యక్షుడు అడిగితే మంత్రులందరం చెయ్యెత్తాం. నేనూ ఎత్తాను. మర్నాడు శవాలను చూసి రాజీనామా చేశాను. రాజీనామా సంగతి అందరికీ చెప్పుకున్నాను. చెయ్యెత్తిన సంగతి మా అమ్మాయికి కూడా చెప్పలేదు."

వెనక వరసలోంచి కూతురు లేచి బయటికి వెళ్లిపోయింది. ప్రెసిడెంటుగారి చేతుల్లో శాలువా అలాగే ఉండిపోయింది. కప్పాలో మడిచిపెట్టాలో ఆయనకి పాలుపోలేదు. "ముందు పిల్లల డాన్స్ పెట్టేద్దామండీ, ఐటమ్ రెడీగా ఉంది" అని ఎవరో ఆంటీ గొణిగారు. పాట మొదలైంది.

ఇన్నాళ్లూ తహతహలాడిన జవాబు నాకు దొరికింది. ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా కలిగింది. ఏది ముందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన తిరిగొచ్చి నా పక్కన కూర్చుని తలుపు వైపే చూస్తున్నారు. "వెళ్లిపోయింది" అన్నారు. మంచినీళ్లు అందించాను, తాగలేదు.

రెండో పాట మధ్యలో తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికి వచ్చింది, భుజాల మీద మంచు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తండ్రి మొహంలోకి చూడకుండా, వాళ్ల భాషలో ఒక్క ముక్క అని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన నా కుర్చీ పట్టుకుని లేచారు.

ఉండబట్టలేక అడిగేశాను, "ఏమంది?"

"కారులో హీటర్ వేసి వచ్చిందట. రమ్మంటోంది."